టైట్రేషన్ ఎలా చేయాలి: లేత గులాబీ దగ్గర చెయ్యి ఆగాలంటే

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడ్డాక మాత్రమే కెమిస్ట్రీ ల్యాబ్ తాళం తీసే కాలేజీలు మన బెజవాడలో, గుంటూరులో తక్కువేం కాదు. ఏడాది పొడవునా లెక్కలు బట్టీ పట్టిస్తారు, నిద్రలో లేపి అడిగినా వీ1 ఎం1, వీ2 ఎం2 అని ఫార్ములా అప్పజెప్పేస్తారు పిల్లలు, తీరా బ్యూరెట్ (కొలత గీతలున్న పొడవాటి గాజు గొట్టం, అడుగున స్టాప్‌కాక్ అనే చిన్న కుళాయి) చేతికిస్తే స్టాప్‌కాక్ ఎటు తిప్పాలో తెలియక పక్కవాడి వైపు చూస్తారు. నిజానికి లెక్క ఐదు నిమిషాల పని. ఆ లెక్కలో వేసే అంకె నమ్మదగ్గదా కాదా అన్నది స్టాప్‌కాక్ తిప్పకముందు మీరు ఏం కడిగారు, దేనితో కడిగారు, ఎలా తూచారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ ఫార్ములా గురించి తక్కువ, చేతి పని గురించి ఎక్కువ రాస్తున్నాను.

చేయబోయే పని ఇది: షాపులో దొరికే వెనిగర్‌లో అసిటిక్ ఆమ్లం ఎంత శాతం ఉందో కనుక్కోవడం. దానికి బలం (లీటరులో ఎంత పదార్థం కరిగి ఉందో) కచ్చితంగా తెలిసిన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కావాలి, ఆ బలం తెలియాలంటే ముందు ఆక్సాలిక్ ఆమ్లంతో ఒక టైట్రేషన్ చేయాలి. అంటే రెండు టైట్రేషన్లు. టైట్రేషన్ అంటే బలం తెలిసిన ద్రావణాన్ని తెలియనిదానితో రంగు మారేదాకా కలిపి, ఎంత పట్టిందో చూసి తెలియని బలాన్ని లెక్కకట్టడం. మొదటిది మీ పరీక్షలో కూడా వచ్చే అవకాశం ఉన్నదే, కాబట్టి శ్రమ వృథా పోదు.

రెండు ముక్కల్లో సిద్ధాంతం. ఆమ్లం నీళ్లలో హైడ్రోజన్ అయాన్లు ఇస్తుంది, క్షారం హైడ్రాక్సైడ్ అయాన్లు ఇస్తుంది, రెండూ కలిస్తే నీరు అవుతుంది, మిగిలింది లవణం. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే ఒక్కో మోల్ (అణువుల సంఖ్యని లెక్కపెట్టే కొలమానం) నీటికి దాదాపు 57 కిలోజౌళ్ల వేడి కూడా వస్తుంది. ఇది ఊరికే చెప్పడం లేదు. చేతి మీద క్షారం పడితే దాని మీద ఆమ్లం పోస్తే సరిపోతుందిగా అనుకునేవాళ్లు ఉంటారు, ఆ పని అస్సలు చేయొద్దు, ఆ వేడికి చర్మం ఇంకా కాలుతుంది. ట్యాప్ కింద పెట్టి చాలాసేపు నీళ్లతో కడగడమే మందు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి వెళ్లాలి, క్షారం కంటికి ఆమ్లం కంటే ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకోండి, స్టైల్ సంగతి తర్వాత.

ముందు నీళ్ల సంగతి

గుంటూరు వైపు బోరు నీళ్లతో ఆక్సాలిక్ ఆమ్లం కరిగించి చూడండి, తేటగా ఉండాల్సిన ద్రావణం కాసేపటికి మసకబారి, అడుగున తెల్లటి పొడి పేరుతుంది. ఆ పొడి కాల్షియం ఆక్సలేట్. నీళ్లలోని కాల్షియం మీ ఆక్సలేట్‌ను పట్టుకుపోయిందన్నమాట. పైగా అలాంటి నీళ్లలో బైకార్బొనేట్లు కూడా ఉంటాయి, అవి కొంత ఆమ్లాన్ని తినేస్తాయి. మున్సిపల్ కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లకీ ఇదే మాట, తాగడానికి మంచివే గానీ ప్రమాణ ద్రావణానికి (బలం కచ్చితంగా తెలిసిన ద్రావణానికి) పనికిరావు. డిస్టిల్డ్ వాటర్ కావాలి. ల్యాబ్‌లో లేకపోతే ఆటోనగర్‌లోనో, మీ వీధి చివరో ఉండే బ్యాటరీ షాపులో క్యాన్లలో అమ్మే బ్యాటరీ వాటర్ తెచ్చుకోండి. సీల్ ఉన్న క్యానే తీసుకోండి, అప్పటికే బ్యాటరీల్లో ఒంపుతున్న క్యాన్ వద్దు.

గాజు సామాన్లను మామూలు నీళ్లతో కడిగి, ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో తొలిపితే చాలు.

ఆక్సాలిక్ ఆమ్లం తూచడం

ఆక్సాలిక్ ఆమ్లాన్నే ఎందుకు ఎంచుకుంటామంటే అది గాలికి మారదు, స్వచ్ఛంగా దొరుకుతుంది, తూచింది తూచినట్టే ఉంటుంది. సీసా మీద డైహైడ్రేట్ (అణువుకి రెండు నీటి అణువులు కలిసి ఉన్న రూపం) అని ఉందో లేదో చూసుకోండి, దాని మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, 126 గ్రాములు. 250 మి.లీ.లో 0.05 మోలార్ (లీటరుకి 0.05 మోల్స్) ద్రావణం కావాలంటే 1.575 గ్రాములు పడుతుంది.

ఇక్కడ చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. సరిగ్గా 1.575 దగ్గర ఆపాలని స్పూన్‌తో ఒక్కో పలుకూ వేస్తూ, తీస్తూ పావుగంట గడిపేస్తారు. అవసరం లేదు. 1.60 వచ్చిందా, 1.60 అని రాసుకోండి. 1.60ని 126తో భాగిస్తే 0.0127 మోల్స్, దాన్ని 0.25 లీటర్లతో భాగిస్తే 0.0508 మోలార్. మీ ద్రావణం బలం అదే, లెక్కలో అదే వాడండి. దగ్గర్లో తూచి నిజం రాసుకోవడం మేలు. ఎంతో కొంత తూచి పుస్తకంలో అంకె రాసేస్తే అవి కాకిలెక్కలే. తూచేటప్పుడు మాత్రం ఫ్యాన్ ఆపండి. మన ఎండలకి ఎవరూ ఒప్పుకోరు, నాకూ తెలుసు, కానీ ఫ్యాన్ గాలికి త్రాసు మీద ఆఖరి అంకె ఊగుతూనే ఉంటుంది.

తూచినదాన్ని చిన్న బీకరులో కొంచెం నీళ్లతో కరిగించి, గరాటు పెట్టి 250 మి.లీ. ప్రమాణ కుప్పెలోకి (మెడ మీద కొలత గీత ఉన్న కుప్పె) ఒంపండి. అంతటితో అయిపోలేదు, బీకరు గోడలకీ, గాజు కడ్డీకీ, గరాటుకీ అంటుకున్నది కూడా మీరు తూచినదే. రెండు మూడుసార్లు కొద్ది కొద్ది నీళ్లతో వాటిని కడిగి ఆ కడిగిన నీళ్లు కూడా కుప్పెలోకే పోయాలి. గీత దగ్గరికి వచ్చాక డ్రాపర్‌తో చుక్కచుక్కగా వేసి, నీటి వంపు అడుగుభాగం గీతను తాకగానే ఆపండి. మూత పెట్టి తలకిందులు చేస్తూ బాగా కలపండి. కలపకపోతే పైన పలుచగా, కింద చిక్కగా ఉండి, ఒకే కుప్పెలోంచి పిపెట్‌తో (నిర్ణీత కొలత ద్రవం తీసే సన్నటి గాజు గొట్టంతో) తీసిన ద్రావణాలు తలో మాటా చెబుతాయి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, నోటితో పిపెట్ పీల్చే పాత అలవాటు ఎవరైనా నేర్పబోయినా వద్దని చెప్పండి, రబ్బరు బల్బు అడగండి.

సోడియం హైడ్రాక్సైడ్

దీని మోలార్ ద్రవ్యరాశి 40, కాబట్టి లీటరుకి 4 గ్రాములు వేస్తే 0.1 మోలార్ అవ్వాలి. అవ్వదు. సీసా మూత తీసి పెల్లెట్లు బయట పెట్టిన కాసేపటికే, అందులోనూ మన కోస్తా ఉక్కలో, అవి తడిసి జిగటగా మెరుస్తూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. గాలిలో తేమను పీల్చుకుంటున్నాయి, కార్బన్ డై ఆక్సైడ్‌ని కూడా. మీరు తూచిన 4 గ్రాముల్లో అసలు సరుకు ఎంతో, నీరెంతో ఎవరూ చెప్పలేరు. అందుకే దీన్ని సుమారుగానే తూచి, తర్వాత ఆక్సాలిక్ ఆమ్లంతో దాని బలం తేల్చుకుంటాం. కాగితం మీద కాకుండా బీకరులో తూచండి, చేత్తో ముట్టుకోవద్దు. పెల్లెట్లను నీళ్లలో వేసి కలుపుతుంటే బీకరు వేడెక్కుతుంది, పూర్తిగా చల్లారాకే లీటరుకి నింపండి. నిల్వకి ప్లాస్టిక్ సీసా.

దేన్ని దేనితో కడగాలి

మార్కులు పోయేది ఇక్కడే, కాబట్టి ఈ ఒక్క పేరా రెండుసార్లు చదవండి. బ్యూరెట్‌ను అందులో పోయబోయే ద్రావణంతోనే, కొద్దిగా పోసి, అడ్డంగా తిప్పుతూ, కింది మొన గుండా వదిలేస్తూ కడగాలి. పిపెట్‌ను కూడా దానితో తీయబోయే ద్రావణంతోనే. లోపల నీటి తడి మిగిలి ఉంటే ద్రావణం పలచబడుతుంది కదా, అందుకు. టైట్రేషన్ జరిగే శంకు కుప్పెను మాత్రం నీళ్లతోనే కడగాలి, ద్రావణంతో అస్సలు కడగకూడదు. పిపెట్‌తో కొలిచి అందులో వేసిన 20 మి.లీ.లో ఎన్ని మోల్స్ ఉన్నాయన్నదే మనకు ముఖ్యం, ఆ కుప్పెలో అప్పటికే నీళ్లున్నా మోల్స్ మారవు, కానీ ద్రావణంతో కడిగితే లెక్కలో లేని మోల్స్ గోడలకి అంటుకుని ఉండిపోతాయి. టైట్రేషన్ మధ్యలో చుక్క గోడకి అంటుకుంటే వాష్ బాటిల్‌తో నీళ్లు కొట్టి కిందికి దించేయొచ్చు, ఏమీ కాదు. "సార్, నీళ్లు కలిస్తే పలచబడదా?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. పలచబడుతుంది, మోల్స్ మాత్రం అవే.

మొదటి టైట్రేషన్

బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్ నింపండి. కొన్ని ల్యాబుల్లో ఆమ్లాన్ని బ్యూరెట్‌లో పోయిస్తారు, అప్పుడు గులాబీ నుంచి రంగు పోయేవరకు చూడాలి. మీ దగ్గర ఎలా చేయిస్తే అలాగే చేయండి, లెక్క మాత్రం మారదు. నింపాక రెండు పనులు. ఒకటి, గరాటు తీసేయండి, లేకపోతే మధ్యలో దాని కొస నుంచి ఒక చుక్క జారి రీడింగ్ చెడుతుంది. రెండు, స్టాప్‌కాక్ కింద మొనలో గాలి బుడగ ఉందేమో చూడండి. ఉంటే స్టాప్‌కాక్‌ను ఒక్కసారి పూర్తిగా తెరిచి ధారగా వదిలితే పోతుంది. ఆ బుడగ టైట్రేషన్ మధ్యలో బయటికి పోయిందంటే, బ్యూరెట్‌లో మట్టం దిగుతుంది గానీ ఆ మేరకు కుప్పెలో ఏమీ పడదు.

ద్రావణం సరిగ్గా సున్నా మీదే ఉండాలని పట్టుదల వద్దు. 0.4 దగ్గర ఉంటే 0.4 అని రాసుకోండి. కన్ను మట్టానికి సమానంగా పెట్టి, వంపు అడుగు భాగం చూసి చదవండి. పొట్టిగా ఉన్నవాళ్లు స్టూల్ ఎక్కండి లేదా స్టాండు కిందికి దించండి, కింద నుంచి తలెత్తి చదివితే తప్పు అంకె వస్తుంది. వెనక తెల్ల కాగితం పెడితే వంపు స్పష్టంగా కనిపిస్తుంది.

పిపెట్‌తో 20 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్లం తీసి శంకు కుప్పెలోకి వదలండి, మొనను గోడకి ఆనించి కొన్ని సెకన్లు ఆగండి. కొసలో ఒక చుక్క మిగిలే ఉంటుంది, దాన్ని ఊదకండి. పిపెట్ తయారుచేసినవాళ్లు ఆ చుక్కను వదిలేసే 20 మి.లీ. గీత గీశారు. రెండు మూడు చుక్కలు ఫినాఫ్తలీన్ వేయండి, ఆమ్లంలో రంగు లేకుండా, క్షారంలో గులాబీగా ఉండే సూచిక ఇది. రంగు బాగా కనిపిస్తుందని పది చుక్కలు వేసేవాళ్లున్నారు, ఫినాఫ్తలీన్ కూడా బలహీన ఆమ్లమే, అది కూడా మీ క్షారాన్ని కాస్త తింటుంది.

ఇప్పుడు చేతులు. ఎడమ చేతిని బ్యూరెట్ వెనక నుంచి తిప్పి స్టాప్‌కాక్ పట్టుకోండి, కుడి చేత్తో కుప్పె మెడ పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ ఉండండి. మొదట్లో వింతగా ఉంటుంది, అలవాటయితే ఇంకోలా చేయాలనిపించదు. కుప్పె కింద తెల్ల టైల్ గానీ, తెల్ల కాగితం గానీ పెట్టండి.

మొదటిసారి ధారాళంగా వదిలేయండి. చుక్క పడ్డచోట గులాబీ మెరిసి, తిప్పగానే మాయమవుతుంది. ఆ మెరుపు మాయమవడానికి ఎక్కువసేపు పడుతోందంటే దగ్గరికి వచ్చినట్టు. ఈ మొదటి రీడింగ్ కాస్త దాటిపోయినా ఫర్వాలేదు, సుమారు ఎక్కడ ఆగాలో తెలియడానికే అది. 21.2 వచ్చిందనుకోండి. రెండోసారి 19 దాకా గబగబా వదిలేసి, అక్కడి నుంచి చుక్కచుక్కగా, కళ్లలో ఒత్తులు వేసుకుని చూడాలి.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఆఖర్న పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) మెల్లగా మారదు, దూకుతుంది. లెక్క సులువుగా ఉంటుందని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకుందాం. 0.1 మోలార్ ఆమ్లం 20 మి.లీ.కి అదే బలం ఉన్న క్షారం వేస్తుంటే, 19.9 మి.లీ. దగ్గర పీహెచ్ సుమారు 3.6, 20.1 మి.లీ. దగ్గర 10.4. మధ్యలో ఉన్నది 0.2 మి.లీ., అంటే నాలుగు చుక్కలు. మిగతా బ్యూరెట్ అంతా ఒకెత్తు, ఈ నాలుగు చుక్కలు ఒకెత్తు. ఇక్కడ చుక్కను కూడా సగం చేయొచ్చు: స్టాప్‌కాక్ కొద్దిగా తిప్పి, మొనకి చుక్క వేలాడగానే మూసేసి, దాన్ని కుప్పె గోడకి తాకించి నీళ్లతో కిందికి దించండి.

ఆగాల్సిన రంగు ఇది: తెల్ల కాగితం మీద పెడితే తప్ప ఉందా లేదా అని అనుమానం వచ్చేంత లేత గులాబీ. అర నిమిషం అలాగే నిలవాలి. రోజ్ మిల్క్‌లా కనిపించిందంటే దాటిపోయారు, ఆ కుప్పె పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. అర నిమిషం నిలిచి, తర్వాత మెల్లగా రంగు పోతే కంగారుపడి ఇంకో చుక్క వేయకండి, గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ కరిగి రంగు పోతోంది, మీ రీడింగ్ సరైనదే.

ఒకదానికొకటి 0.1 మి.లీ. తేడా లోపల రెండు రీడింగులు వచ్చేదాకా చేయాలి. 20.8, 20.8 వచ్చాయనుకుందాం. మొదట వచ్చిన 21.2ని కలిపి సగటు తీయొద్దు, అది దారి చూపించిన అంకె మాత్రమే. పక్క టేబుల్ మీద 20.3 వచ్చిందని మీది దిద్దుకోవద్దు కూడా, వాళ్ల బ్యూరెట్‌లో ఉన్నది మీ ద్రావణమే అన్న గ్యారంటీ లేదు.

లెక్క: ఆక్సాలిక్ ఆమ్లంలో క్షారానికి ఇచ్చే హైడ్రోజన్లు రెండు, కాబట్టి దాని ఒక్కో మోల్‌కి రెండు మోల్స్ సోడియం హైడ్రాక్సైడ్ కావాలి. కుప్పెలో ఉన్న ఆమ్లం 20 × 0.0508 = 1.016 మిల్లీమోల్స్ (మిల్లీమోల్ అంటే మోల్‌లో వెయ్యో వంతు). కావాల్సిన క్షారం దానికి రెట్టింపు, 2.032. అది 20.8 మి.లీ.లో ఉంది కాబట్టి 2.032 ÷ 20.8 = 0.0977 మోలార్. ఫార్ములాలో ఎన్1 ఎక్కడ, ఎన్2 ఎక్కడ (ఏది ఎన్ని మోల్స్ కావాలో చెప్పే అంకెలు) అని తికమక పడేకంటే ఇలా మిల్లీమోల్స్‌లో నడిస్తే తప్పు దొర్లడం కష్టం.

రెండో టైట్రేషన్, వెనిగర్

తెల్ల వెనిగరే కొనండి, రంగున్నది అయితే గులాబీ కనిపించదు. అది నేరుగా వాడితే బ్యూరెట్ మొత్తం ఖాళీ అయినా చాలదు, అందుకని 20 మి.లీ. పిపెట్‌తో తీసి, కడిగిన 250 మి.లీ. ప్రమాణ కుప్పెలో వేసి గీత దాకా నీళ్లు నింపండి. 12.5 రెట్లు పలచన అయింది. ఇందులోంచి 20 మి.లీ. తీసి మళ్లీ అదే పద్ధతి, అదే లేత గులాబీ. పిపెట్‌ను ఈసారి పలచన వెనిగర్‌తో కడగడం మర్చిపోవద్దు.

సూచిక మాత్రం ఫినాఫ్తలీనే. అసిటిక్ ఆమ్లం బలహీనం, అది పూర్తిగా తటస్థం అయ్యే చోట పీహెచ్ 7 కాదు, దాదాపు 8.7. ఫినాఫ్తలీన్ రంగు మారేది 8.2 దాటాకే, సరిగ్గా కుదురుతుంది. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4 మధ్యలోనే మారిపోతుంది, అది వేస్తే సగం ఆమ్లం కూడా పూర్తికాకముందే అయిపోయిందని చెప్పేస్తుంది.

11.3 మి.లీ. పట్టిందనుకోండి. 11.3 × 0.0977 = 1.104 మిల్లీమోల్స్. ఇక్కడ ఒకటికి ఒకటే, రెట్టింపు లేదు. 20తో భాగిస్తే 0.0552 మోలార్, పలచన చేసినందుకు 12.5తో గుణిస్తే 0.69 మోలార్. అసిటిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 60, అంటే లీటరుకి 41.4 గ్రాములు, 100 మి.లీ.కి 4.1 గ్రాములు. సీసా లేబుల్ మీద 4 శాతం అని ఉంటే మీ చెయ్యి బాగానే ఉంది. 3 వచ్చినా, 6 వచ్చినా కంపెనీని తిట్టేముందు పలచన లెక్క, బుడగ, పిపెట్ ఈ మూడూ చూసుకోండి.

ల్యాబ్ తెరవకపోతే

ఇంట్లో చెయ్యి తిరగడానికి ఒక దారి ఉంది. కిళ్లీ కొట్టు సున్నం కొంచెం నీళ్లలో కలిపి, మూతపెట్టి రాత్రంతా వదిలేస్తే పైన తేట నిలుస్తుంది. (మూత తీసి ఉంచితే గాలి తగిలి పైన తెల్లటి పొర కడుతుంది, అది కాల్షియం కార్బొనేట్.) దుగ్గిరాల పసుపు ఉంటే సరే, ఏ పసుపైనా ఫర్వాలేదు, చిటికెడు తీసుకుని ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌లో కలపండి, నీళ్లలో పసుపు సరిగా కరగదు. సున్నపు తేట 10 మి.లీ. సిరంజితో గ్లాసులోకి తీసి పసుపు చుక్కలు వేస్తే ఎర్రగా మారుతుంది, పెళ్లిళ్లలో పారాణి కలిపినప్పుడు చూసే ఎరుపే అది. నిమ్మరసం వడకట్టి పదింతలు పలచన చేసి, సూది లేని ఇంకో సిరంజిలోకి ఎక్కించి చుక్కచుక్కగా వేస్తూ పోండి. ఎరుపు పోయి పసుపు తిరిగొచ్చిన చోట ఆపి, ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. కాయను బట్టి అంకె మారుతుంది, కాబట్టి ఒకే కాయ రసంతో మూడుసార్లు చేసి, మూడూ దగ్గర దగ్గరగా వస్తున్నాయా అన్నదే చూడండి. పసుపు మీద ఎరుపు మారడం కంటికి అంత స్పష్టంగా ఉండదు, అదే మంచిది, దీన్ని పట్టుకోగలిగిన కంటికి ఫినాఫ్తలీన్ చాలా సులువుగా అనిపిస్తుంది. సున్నపు తేట కూడా క్షారమే, కళ్ల దగ్గర జాగ్రత్త. చిన్నపిల్లలకి అందేచోట వదలొద్దు.

ల్యాబ్‌లో పని అయ్యాక బ్యూరెట్‌ని అలాగే వదిలేసి వెళ్లిపోకండి. గాజు స్టాప్‌కాక్ అయితే సోడియం హైడ్రాక్సైడ్ అందులో ఎండి, రెండు రోజుల్లో కదలకుండా బిగుసుకుపోతుంది, తర్వాతి బ్యాచ్ వాళ్లు బలవంతంగా తిప్పి విరగ్గొడతారు. వెంటనే ఖాళీ చేసి, రెండు మూడుసార్లు నీళ్లు పోసి మొన గుండా వదిలి, స్టాప్‌కాక్ తెరిచి ఉంచి, స్టాండుకి తలకిందులుగా బిగించండి.